మిలటరీకి వెళ్లాలనుకుంటే: జవానా, ఆఫీసరా ముందే తేల్చుకోవడం ఎలా

పోయిన దాళ్వా కోతలప్పుడు, మా ఊరి లాకుల దగ్గర గట్టు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాడొకడు ఆగి నన్నడిగాడు. "బాబాయ్ గారూ, ముందు జవానుగా చేరిపోతే, ప్రమోషన్ల మీద ప్రమోషన్లొచ్చి చివరికి మేజరైపోతాను కదండీ?"

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. లెక్కల్లో 90 శాతం పైనే. మంచి ఒడ్డూ పొడుగూ. ఆ వయసులో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను. సాపర్‌గా, అంటే ఇంజనీర్ల దళంలో జవానుగా చేరి 28 ఏళ్లు పనిచేసి సుబేదారుగా బయటికొచ్చాను. నా ఉద్యోగం మీద నాకు ఏ చింతా లేదు, మళ్లీ పుట్టినా ఆ యూనిఫామే వేసుకుంటాను. కానీ పదిహేడేళ్లప్పుడు నా ముందు రెండు తలుపులున్నాయని, రెండో తలుపుకి దగ్గర దారి పంతొమ్మిదిన్నర దాటితే మూసుకుపోతుందని చెప్పినవాళ్లు లేరు. మన గోదావరి జిల్లాల్లో మిలటరీ కొత్తేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. అయినా ఇవాళ్టికీ చాలా ఇళ్లలో 'మిలటరీ' అంటే ఒకటే ఉద్యోగం అనుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. కుర్రాళ్లూ చదవండి, వాళ్ల అమ్మానాన్నలూ చదవండి.

ముందు భుజం మీద ఏముందో చూడటం నేర్చుకోండి

రాజమండ్రి స్టేషన్లో మిలటరీ వాళ్లు కనబడితే భుజాలూ చేతులూ చూడండి. చేతి మీద వి ఆకారం పట్టీలుంటే వాళ్లు జవాన్ల వరస నుంచి వచ్చినవాళ్లు. ఒక పట్టీ లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దార్. పట్టీ లేకపోతే సిపాయి. ఆ సిపాయినే ఇంజనీర్లలో సాపర్ అంటారు, ఫిరంగి దళంలో గన్నర్ అంటారు.

భుజం మీద నక్షత్రాలున్నాయనుకోండి, అక్కడే చాలామంది పొరబడతారు. రెండు నక్షత్రాలుండి, వాటితోపాటు ఎరుపు పసుపు రంగుల పట్టీ కూడా ఉంటే ఆయన సుబేదార్. తలలో నాలుగు తెల్ల వెంట్రుకలుంటాయి, రెండు దశాబ్దాలకు పైగా సర్వీసుంటుంది. అవే రెండు నక్షత్రాలు పట్టీ లేకుండా ఉంటే లెఫ్టినెంట్, అప్పుడే అకాడమీ నుంచి వచ్చిన పాతికేళ్లలోపు కుర్రాడు. హోదాలో లెఫ్టినెంటే పైన. సుబేదారే ఆయనకి సెల్యూట్ కొడతాడు. కానీ లెఫ్టినెంట్ కూడా పెద్దాయన్ని 'సుబేదార్ సాబ్' అని గౌరవంగానే పిలుస్తాడు. ఈ ఒక్కటి అర్థమైతే సగం సంగతి అర్థమైనట్టే.

అంటే ఇది ఒకే నిచ్చెన కాదు. జవాన్ల వరస సిపాయి నుంచి హవల్దార్ దాకా. దాని పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. వీళ్లని జేసీఓలంటారు, ఎన్నో ఏళ్లు జవాన్లుగా చేసి అక్కడికి చేరినవాళ్లు. ఆఫీసర్ల వరస వేరే: లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, అలా జనరల్ దాకా. సుబేదార్ మేజర్ పేరులో మేజర్ ఉందని మోసపోకండి, ఆయన మేజర్ కాదు. జేసీఓ అంతస్తు బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. తెల్ల ఆఫీసరుకీ మన సిపాయికీ మధ్య మనవాళ్లలో అనుభవం ఉన్న పెద్దల్ని పెట్టారు. అప్పట్లో వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లనేవారు, స్వాతంత్ర్యం వచ్చాక జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు.

లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. పదిమంది సెక్షన్‌కి హవల్దార్ పెద్ద. మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్, దాన్ని ఎక్కువగా జేసీఓ నడుపుతాడు. సుమారు 120 మంది కంపెనీకి మేజర్. 800 మంది ఉండే బెటాలియన్‌కి కల్నల్.

తరవాత, ఎవరి పని ఏమిటో కళ్లకు కట్టుకోండి

మన కాలవల మీదే ఈ ఏర్పాటు ఉంది. ఏ కాలవకి ఎన్ని క్యూసెక్కులు వదలాలో తేల్చేది ఇంజనీరు. తలుపు ఎత్తేది, దించేది లస్కరు. ఆ లస్కరు అనే మాట లష్కర్ నుంచి వచ్చిందే, అంటే సైన్యం. నీళ్లెంత, ఆయకట్టెంత అన్నది ఇంజనీరుకి తెలుసు. ఏ తలుపు ఎక్కడ పట్టేస్తుందో, ఏ చప్పుడొస్తే ఆపాలో లస్కరుకి తెలుసు. ఒకరి పని రెండోవారు చెయ్యలేరు. అసలు మన ధవళేశ్వరం ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కల్లా కట్టించిన కాటన్ దొర కూడా మిలటరీ ఆఫీసరే. మద్రాసు ఇంజనీర్లలో చేరి జనరల్ దాకా వెళ్లాడు.

ఇప్పుడు వరదొచ్చిందనుకోండి. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. కలెక్టరు గారు సైన్యాన్ని పిలిచారు. నాలుగు లంకల నుంచి కబుర్లొస్తున్నాయి, పడవలు మూడే ఉన్నాయి.

మేజర్ కలెక్టరు గారి పక్కన మ్యాపు ముందు కూర్చుంటాడు. ముందు ఏ లంకకి వెళ్లాలి? ఆ మాట చెప్పేది ఆయనే. మూడు లంకలకి పంపి నాలుగోదాన్ని ఆపితే, ఆ నాలుగోదానిలో ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే. లెఫ్టినెంట్ ఏటిగట్టు మీదికొస్తాడు, ఎక్కడ దిగాలో ఎక్కడ ఎక్కాలో చూసి మొదటి పడవలో తను ఎక్కుతాడు. సుబేదార్ అప్పటికే లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి ఉంటాడు. పెట్రోలెంత, తాళ్లు సరిపోతాయా, ఎవడికి ఈత బాగా వచ్చు, ఎవడికి రాత్రి నుంచి జ్వరం, ఇవన్నీ ఆయనకి నోటికొచ్చు. హవల్దార్ ఇంజను దగ్గర కూర్చుంటాడు, తన పదిమందీ ఎవరెక్కడుండాలో చెప్పేది అతనే. నడుము లోతు నీళ్లలో దిగి, పాసు పుస్తకమూ రేషన్ కార్డూ ప్లాస్టిక్ కవరులో చుట్టి గుండెకి హత్తుకుని, "నా గేదెని వదిలి రానయ్యా" అని ఏడుస్తున్న మామ్మ గారిని ఒప్పించి ఎత్తుకొచ్చేది సాపర్. ఆ మామ్మ గారికి మేజర్ ఎవరో ఎప్పటికీ తెలీదు. ఆ సాపర్ మొహం మాత్రం బతికున్నంత కాలం గుర్తుంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. అస్సాంలో బ్రహ్మపుత్ర వరదప్పుడు నేను హవల్దార్ని. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ సాబ్, 23 ఏళ్లుంటాయేమో, పడవని నేరుగా అవతలి ఒడ్డుకి తియ్యమన్నారు. నీళ్ల రంగు ఒకచోట మారి ఉంది, పైన చిన్న చిన్న ముడతలు. మన గోదారి పక్కన పుట్టినవాడికి అది చాలు, కింద ఏదో మునిగి ఉందని. జవాన్ల ముందు కాదనకూడదు. పక్కకి వెళ్లి మెల్లిగా చెప్పాను: "సాబ్, కొంచెం పైకెళ్లి దిగుదాం, అరగంట పడుతుంది." ఆయన నా మొహం కేసి ఒక్క క్షణం చూసి, "అలాగే" అన్నారు. చుట్టూ తిరిగి వెళ్లాం. సాయంత్రం సీఓ సాబ్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) వైర్‌లెస్‌లో ఎందుకాలస్యమైందని గద్దించారు. "నా నిర్ణయం సర్" అన్నారు లెఫ్టినెంట్ సాబ్. హవల్దార్ చెప్పాడు అనలేదు. అప్పుడు నా సలహా విన్నది ఆయన చదువు కాదు, మనసు. ఆలస్యాన్ని తన మీద వేసుకున్నదీ ఆ మనసే. 1932లో డెహ్రాడూన్ అకాడమీ మొదలైనప్పుడు ఛెట్‌వుడ్ దొర చెప్పిన మాట అక్కడ చదివే ప్రతి ఆఫీసరుకీ కంఠస్థం: దేశం ముందు, తన కింద ఉన్నవాళ్ల బాగోగులు ఆ తరవాత, తన సుఖం అన్నిటికంటే చివర, ఎప్పుడైనా సరే. మాటగా వినడం వేరు, వైర్‌లెస్‌లో వినడం వేరు.

ఆఫీసరంటే గదిలో కూర్చునేవాడని ఎవరైనా అంటే నమ్మకండి. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన 20 మందిలో బెటాలియన్ కల్నల్ సంతోష్ బాబు గారే ఉన్నారు. మన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవారు. అలాగే జవాను పని చిన్నదని అన్నా నమ్మకండి. కార్గిల్ యుద్ధంలో నాలుగు పరమవీర చక్రలు వచ్చాయి. రెండు ఆఫీసర్లకి: కెప్టెన్ విక్రమ్ బత్రా, లెఫ్టినెంట్ మనోజ్ పాండే. రెండు జవాన్లకి: గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్, రైఫిల్‌మన్ సంజయ్ కుమార్.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి

కాగితం మీద రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు. ఊరి కబడ్డీ జట్టు ఓడిపోయిన రోజు మీరేం చేస్తారు? ఎవరు ఎక్కడ ఆడాలో మార్చి, తప్పు నాదే అని ఒప్పుకోగలరా? లేక మీ ఆట మీరు ఇంకా గట్టిగా ఆడి గెలిపించాలనిపిస్తుందా? రెండూ మంచివే. మొదటిది ఆఫీసరు గుణం, రెండోది మంచి జవాను గుణం. ఇంజను విప్పి బిగించడం, తుపాకీ గురి, వంతెన కట్టడం, ఇలా చేతి పనిలో తిరుగులేనివాడు కావాలనుంటే జవాన్ల వరసలోనే ఆ తృప్తి ఎక్కువ. చదువు మీద ఇంకో నాలుగేళ్లు కూర్చునే ఓపిక ఉంటే, ఇంగ్లీషులో నలుగురి ముందు మాట్లాడాలన్న పట్టుదల ఉంటే ఆఫీసరు దారి చూడండి.

డబ్బు విషయం దాచుకోవద్దు. కౌలు చేసే ఇళ్లలో, 18 ఏళ్లకే కొడుకు జీతం కావాల్సి వస్తుంది. అప్పుడు జవాను తలుపు త్వరగా తెరుచుకుంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ 'ఆఫీసరంటే డబ్బున్నోళ్లకి' అనుకుని మానెయ్యకండి. ఎన్‌డీఏ అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇంటర్ తరవాత ఆఫీసర్లని తయారుచేసే చోటు. అక్కడ శిక్షణ ఖర్చంతా ప్రభుత్వానిదే. ఆ తరవాతి అకాడమీలో ఉండగానే నెలకి రూ.56,100 స్టైపెండ్ వస్తుంది. ఇది తెలియక ఎంతమంది తండ్రులు పిల్లాడి ఆశని నోట్లోనే నొక్కేశారో తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఆఫీసరు తలుపు: ఇంటర్ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి

ఎన్‌డీఏ పరీక్షని యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య ఉండాలి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూనే రాయొచ్చు. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ కావాలంటే లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీ ఉండాలి. రాతపరీక్ష 900 మార్కులు: లెక్కలు 300, ఇంగ్లీషూ జనరల్ నాలెడ్జీ కలిపి 600. తప్పు జవాబుకి మార్కులు కోస్తారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. మనవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే. లెక్కలు కాలేజీలో ఎలాగూ చేస్తారు కాబట్టి, రోజుకి గంట ఇంగ్లీషు పేపరు చదవండి, పైకి చదవండి, గట్టు మీద నడుస్తూ ఇంగ్లీషులో మీతో మీరే మాట్లాడండి. నవ్వేవాళ్లు నవ్వుతారు.

రాతపరీక్ష దాటితే ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, దానికీ 900 మార్కులే. అయిదు రోజులు అక్కడే ఉండాలి. మన వైపు వాళ్లు ఎక్కువగా బెంగళూరు వెళ్తారు. మొదటిరోజు వడపోతలోనే చాలామందిని వెనక్కి పంపేస్తారు. ఉన్నవాళ్లకి బొమ్మ చూపించి కథ రాయమంటారు, 15 సెకన్లకో మాట చొప్పున 60 మాటలకి వాక్యాలు రాయమంటారు. మైదానంలో ఒక దుంగ, ఒక తాడు, రెండు పలకలు ఇచ్చి, జట్టంతా కలిసి బరువుతో సహా నేల తగలకుండా దాటమంటారు. అక్కడ వాళ్లు చూసేది మీ బలం కాదు. ఎవరు అందరి మాటా వింటున్నారు, ఎవరు వెనకబడినవాడికి చెయ్యి ఇస్తున్నారు, అది చూస్తారు. ఏరు దాటించే పంట్లో ట్రాక్టరు ఎక్కించడానికి పలకలు సర్దిన కుర్రాడికి ఇది కొత్తేమీ కాదు. కోచింగ్‌లో బట్టీ పట్టిన జవాబులు ఇక్కడ పనిచెయ్యవు, వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆర్మీ అయితే డెహ్రాడూన్‌లో ఇంకో ఏడాది. ఎన్‌డీఏ వయసు దాటిపోతే కంగారు పడకండి. డిగ్రీ తరవాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి వెళ్లే దారి ఉంది. చెన్నై అకాడమీలో 49 వారాల శిక్షణ. దాన్ని షార్ట్ సర్వీసంటారు, అంటే ఇన్నేళ్లని గడువున్న ఉద్యోగం: పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు. శాశ్వత కమిషన్ రాకపోతే పెన్షన్ ఉండదు, అది ముందే తెలిసి వెళ్లండి.

ఆడపిల్లలున్న అమ్మానాన్నలకి ఒక మాట. 2022 నుంచి ఎన్‌డీఏలో అమ్మాయిలు కూడా చేరుతున్నారు, మొదటి 17 మంది 2025 మే నెలలో బయటికొచ్చారు. జవాన్ల వరసలో మిలటరీ పోలీసులోకీ అమ్మాయిల్ని తీసుకుంటున్నారు.

జవాను తలుపు: అగ్నివీర్

2022 నుంచి ఈ వరసలోకి దాదాపు అందరూ వెళ్లేది అగ్నివీర్‌గానే. నాలుగేళ్ల ఉద్యోగం. నెలకి మొదటి ఏడాది రూ.30,000, చివరి ఏడాది రూ.40,000. అందులో 30 శాతం సేవానిధికి కోస్తారు, అంతే డబ్బు ప్రభుత్వం కలుపుతుంది. నాలుగేళ్లయ్యాక వడ్డీ కాకుండా రూ.10 లక్షల పైన చేతికొస్తుంది. ఆ తరవాత ఎక్కువలో ఎక్కువ 25 శాతం మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు పెన్షన్ లేకుండా ఇంటికి రావాలి. ఇది మనసుకి కష్టంగా ఉన్నా సరే, చేరేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ నాలుగేళ్లలో డిగ్రీ కూడా కట్టెయ్యండి.

జనరల్ డ్యూటీకి పదో తరగతిలో 45 శాతం ఉండాలి, మన వైపు ఎత్తు 166 సెంటీమీటర్లు. ముందు కంప్యూటర్ మీద రాతపరీక్ష, అది తెలుగులో కూడా రాయొచ్చు. అది దాటినవాళ్లకే ర్యాలీ, అంటే మైదానంలో పరుగూ ఒంటి పరీక్షలూ. మన జిల్లాలకి విశాఖపట్నం రిక్రూటింగ్ ఆఫీసు. వయసు, ఫీజు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆర్మీ వెబ్‌సైట్లో ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే స్వయంగా చదవండి.

పరుగు 1.6 కిలోమీటర్లు. అయిదున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే ఎక్కువ మార్కులు. మనది పల్లపు నేల, ఉక్క ఎక్కువ. ఎండెక్కాక పరుగెత్తి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని చూశాను. తెల్లవారకముందే మొదలుపెట్టండి. తారు రోడ్డు మోకాళ్లు తినేస్తుంది, గట్టు మట్టే మంచిది. మొదటి నెల వేగం గురించి ఆలోచించకండి, ఆగకుండా రెండు కిలోమీటర్లు వెళ్లగలిగితే చాలు. రెండో నెల నుంచి 400 మీటర్లు గట్టిగా, 200 మీటర్లు మెల్లిగా. గడ్డం కడ్డీ పైకి వచ్చేలా పది పుల్-అప్స్ తీస్తే పూర్తి మార్కులు. జామ కొమ్మకి వేలాడినా వస్తాయి. పచ్చబొట్టు మాత్రం పొడిపించుకోకండి. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు కాకుండా వేరేచోట ఉంటే అక్కడే ఆపేస్తారు.

నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లోనూ ఈ రెండు తలుపులే, పరీక్షలు వేరు. ఒక తేడా చెబుతాను: ఎయిర్‌ఫోర్స్‌లో విమానం తోలేది ఆఫీసరే, దాన్ని ఎగిరేటట్టు ఉంచేది ఎయిర్‌మన్.

కాగితాలూ, దళారులూ

పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. మన ఇళ్లలో ఇది మామూలే. ర్యాలీలో దీని దగ్గరే ఆపేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని ఇప్పుడే మార్పించండి. కులం, స్థానికత, పెళ్లికాలేదన్న పత్రం, నడవడిక పత్రం కూడా కావాలి.

మా పక్క ఊళ్లో ఒక కుటుంబం, పిల్లాడిని మిలటరీలో పెట్టిస్తానన్న మనిషి చేతిలో రెండు పంటల డబ్బు పోసింది. ఆ పిల్లాడు పరుగులో మొదటి గుంపులోనే వచ్చాడు, రాతపరీక్షా తన సొంతంగానే దాటాడు. ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మీవాడికి పనొస్తే 'నా వల్లే' అంటాడు, రాకపోతే కనబడడు, ఇదే ఆ వ్యాపారం. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

జవానుగా చేరాక ఆఫీసరు కావాలంటే

దారి ఉంది, కానీ అది ప్రమోషన్ కాదు, మళ్లీ ఎంపిక. పేరు ఆర్మీ క్యాడెట్ కాలేజీ, డెహ్రాడూన్‌లో ఉంది. ఇంటర్ పాసై, రెండేళ్ల సర్వీసు ఉండి, 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉన్న జవాన్లు రాతపరీక్ష రాయొచ్చు. ఆ తరవాత అదే ఎస్‌ఎస్‌బీ, అవే అయిదు రోజులు. గెలిస్తే మూడేళ్ల చదువూ, ఏడాది అకాడమీ. నాతో లంగర్లో (జవాన్ల భోజనశాలలో) ఒకే పళ్లెంలో తిన్నవాడు ఒకడు అలా ఆఫీసరై, కొన్నాళ్లకి మా యూనిట్ పక్కనే కెప్టెన్‌గా వచ్చాడు. నేను సెల్యూట్ కొట్టాను, అతను తిరిగి సెల్యూట్ కొట్టి, ఆ తరవాత చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకూ ఆ పరీక్ష గురించి తెలిసింది, కానీ అప్పటికి నాకు 29.

లాకుల దగ్గర అడిగిన ఆ కుర్రాడు ఎన్‌డీఏకి దరఖాస్తు పెట్టాడు. అది రాకపోతే అగ్నివీర్ రాస్తానన్నాడు, అందుకని పరుగు మానలేదు. తెల్లవారి నాలుగున్నరకి మేమంతా గట్టు మీదే ఉంటాం. బూట్లు లేకపోయినా పర్లేదు, వచ్చి కలవండి.